మంటను ఆపాలా, ముందే కాల్చాలా, వదిలేయాలా: నల్లమల లాంటి ఎండాకు అడవికి ఏది నప్పుతుంది?

ఫిబ్రవరి సగం దాటేసరికి నల్లమలలో టేకు బోడిగా నిలబడుతుంది. దాని వెనకే చిరుమాను, నల్లమద్ది, తునికి ఆకు దులిపేస్తాయి. మార్చిలో అడుగు వేస్తే చీలమండ దాకా ఎండాకు. చెట్లు పలచబడ్డ చోట నడుమెత్తు బోదగడ్డి. ఆ రోజుల్లో ఆర్పకుండా పారేసిన ఒక్క బీడీ చాలు, వాగో రోడ్డో అడ్డం వచ్చేదాకా మంట పాకుతూనే ఉంటుంది.

ఏటా ఈ కాలానికి అడవి అంచు ఊళ్లలో మూడు మాటలు వినిపిస్తాయి. నిప్పురవ్వ పడకూడదు, పడితే వెంటనే ఆర్పాలి అనేది అటవీ శాఖ మాట. ఎండలు ముదరకముందే అక్కడక్కడా కాల్చేస్తే పెద్ద మంట రాదు, మా తాతలు చేసిందదే అనేది పెద్దవాళ్ల మాట. అడవికి నిప్పు కొత్తేమీ కాదు, వానలకు మళ్లీ చిగురిస్తుంది, వదిలేయండి అనేది చదువుకున్న కుర్రవాళ్ల మాట. మూడింట్లోనూ నిజం ఉంది. కానీ వన సంరక్షణ సమితి సభ్యుడికి, కొత్తగా బీటు, అంటే ఒక గార్డు కాపలా కాసే అడవి ముక్క, చేతికొచ్చిన ఉద్యోగికి, అడవిని ఆనుకుని మామిడి తోట ఉన్న రైతుకు అసలు ప్రశ్న వేరు. ఉన్న కాస్త డబ్బుతో, ఉన్న నలుగురు మనుషులతో ముందు ఏ పనికి పూనుకోవాలి?

నా తీర్పు ముందే చెబుతాను. మొదటి రూపాయి మనుషుల మీద పెట్టండి. రెండోది మంటకు అడ్డుగా తీసే, జనవరి లోపు పూర్తయ్యే ఫైర్ లైన్ల మీద. ముందస్తు కాల్పు మంచి పద్ధతే, కానీ గడ్డి నేలల్లో, అనుమతితో, అడవి తెలిసినవాళ్ల చేతుల మీదుగానే జరగాలి. వదిలేయడం మాత్రం ఇక్కడ పనికిరాదు. ఎందుకో చెప్పాలంటే ముందు మంట చేసే పనేమిటో చూడాలి.

మంట ఏం తింటుంది, ఏం మిగులుస్తుంది

టీవీలో చూసే కాలిఫోర్నియా మంట చెట్ల కొనల మీదుగా దూకుతుంది. మన ఎండాకు అడవిలో మంట చాలావరకు నేలబారుది. ఆకు, గడ్డి, ఎండుపుల్ల తిని ముందుకు జరుగుతుంది. మందపాటి బెరడున్న పెద్ద చెట్టుకు మసి అంటుతుందే తప్ప ప్రాణం పోదు. పోయేది కింద ఉన్న మొక్క. టేకు, తునికి, ఎర్రచందనం వంటివాటి మొక్క పైకాండం కాలిపోయినా వేరు బతికే ఉంటుంది, వానకు మళ్లీ చిగురు వేస్తుంది. మరుసటి ఏడు మళ్లీ కాలుతుంది. ఇలా ఏటా లేచి ఏటా కాలే మొక్క ఎప్పటికీ చెట్టు కాదు. మంట అందని ఎత్తుకు అది ఎదగాలంటే వరసగా కొన్నేళ్లు నిప్పు తగలకూడదు.

అందుకే ఎంత నేల కాలిందన్న దానికంటే ఎన్నేళ్లకోసారి కాలుతోందన్నది పెద్ద ప్రశ్న. తమిళనాడులోని ముదుమలైలో పాత రికార్డులు తిరగేసిన పరిశోధకులు, ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో ఒకే చోటికి నిప్పు మళ్లీ రావడానికి పదేళ్లు పట్టేదని, శతాబ్దం చివరికి అది మూడేళ్ల పైచిలుకుకు దిగిందని లెక్కగట్టారు. పదేళ్ల విరామంలో మొక్క చెట్టవుతుంది. మూడేళ్లలో కాదు. అలాంటి అడవి పైకి పచ్చగానే కనిపిస్తుంది, కానీ పెద్ద చెట్టుకీ గడ్డికీ మధ్య తరం ఉండదు. మీ బీటులో ఒకసారి నడిచి చూడండి: నడుమెత్తు నుంచి రెండు నిలువుల ఎత్తు దాకా ఉండే లేత చెట్లు ఎన్ని కనిపిస్తున్నాయి? అవి లేకపోతే అక్కడ నిప్పు మరీ తరచుగా వస్తోందని, లేదా పశువులు మరీ ఎక్కువగా మేస్తున్నాయని అర్థం.

మరో గుర్తు చెట్టు మొదట్లో ఉంటుంది. కొండవాలులో కాలిన పాత చెట్టు చుట్టూ తిరిగి చూస్తే, గాయం సాధారణంగా కొండ పైవైపు కనబడుతుంది. కింది నుంచి వచ్చిన మంట కాండాన్ని చుట్టుకుని పైవైపు సుడి తిరుగుతుంది, వాలు మీద జారిన ఆకు కూడా అక్కడే పోగుపడి ఎక్కువసేపు కాలుతుంది. ఆ మచ్చ ఏడాదికేడాది లోతై తొర్ర అవుతుంది. తొర్ర ఉన్న చెట్టు తర్వాతి మంటకు లోపలినుంచి కాలి కూలిపోతుంది. గుడ్లగూబ, ఉడుము, నల్లమల అంచుల్లో దొరికే నీలిరంగు సాలీడు, అదే పీకాక్ టరాంటులా, అలాంటి పాత చెట్ల తొర్రల్లో తలదాచుకుంటాయి. నేలమీద గుడ్లు పెట్టే అడవికోడికి, పరుగెత్తలేని నక్షత్ర తాబేలుకు మార్చి మంట నుంచి తప్పించుకునే దారే ఉండదు.

మంట వల్ల మేలు లేదా? ఉంది. ముసలి గడ్డి కాలిపోతే తొలి జల్లులకు లేత పచ్చిక లేస్తుంది, దుప్పులు అక్కడికే చేరుతాయి. గడ్డి నేల గడ్డి నేలగా నిలవడానికి అప్పుడప్పుడూ నిప్పు తగలడమూ ఒక కారణం. బూడిదలో పొటాష్, సున్నం మిగులుతాయి. నత్రజని మాత్రం పొగతో పోతుంది. వాలు నేలల్లో ఆ బూడిద కూడా తొలి వానకే వాగులో కలుస్తుంది.

ఫైర్ లైన్లు: పని మంచిదే, తేదీ తప్పితే వృథా

ఫైర్ లైన్ అంటే మంటకు తిండి లేకుండా శుభ్రం చేసిన పట్టీ. ఐదు మీటర్లో పది మీటర్లో వెడల్పున గడ్డి, పొద, ఆకు తీసేస్తారు. డిసెంబరులో గడ్డి కోసి అక్కడే ఎండనిచ్చి, మంచు ఆరకముందు పొద్దున్నే, అటూ ఇటూ మనుషుల్ని నిలబెట్టి కాలుస్తారు. ఇంతవరకు అందరికీ తెలుసు.

తెలిసినా చాలాచోట్ల వదిలేసేది రెండో విడత పని. జనవరిలో అద్దంలా శుభ్రం చేసిన లైను మీద ఫిబ్రవరి, మార్చిల్లో మళ్లీ ఆకు రాలుతుంది. ఏప్రిల్‌లో మంట ఆ ఆకు మీదుగా నింపాదిగా అవతలికి దాటుతుంది. మరోసారి ఊడవని లైను కాగితం మీద లైనే. ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆకు ఊదే బ్లోయర్లు వచ్చాయి. ఒక మనిషి చీపురుతో రోజంతా చేసే పని వాటితో గంటల్లో అవుతుంది. కొత్త లైన్లు తీయడానికి డబ్బు అడిగే ముందు, ఉన్న లైన్లను మార్చిలో మళ్లీ ఊదించడానికి డబ్బు అడగండి.

కొత్తది తీయక తప్పదంటే వాగు, బండి బాట, రాతి గుట్ట వంటి సహజమైన అడ్డాలను కలుపుతూ తీయండి. జేసీబీతో నేల గీకించకండి. కదిలిన మట్టిలో ముందు మొలిచేది లాంటానా, సీమతులసి వంటి కలుపు పొదలే. రెండేళ్లు తిరిగేసరికి మీ ఫైర్ లైనే మంటకు దారి అవుతుంది. లైను పక్కన ఎండిన మాను ఉంటే దాన్ని నరకక్కర్లేదు, మొదట్లో రెండు మీటర్ల మేర ఆకు లాగేస్తే చాలు. అందులో ఏ పక్షి కాపురం ఉందో మనకు తెలియదు.

ఈ లైన్ల లోటు ఏమిటంటే గాలి. ఎండు వెదురు పగిలి ఎగిసిన రవ్వ పది మీటర్లను లెక్క చేయదు. లైను మంటను ఆపేస్తుందని నమ్మి ఇంటికెళ్లిపోకూడదు. అది మనుషులు నిలబడి పోరాడటానికి దొరికే చోటు, అంతే. అందుకే మనుషుల్లేని లైనుకు నేను రెండో స్థానమే ఇస్తాను.

ముందస్తు కాల్పు: ఎవరు, ఎక్కడ, ఎప్పుడు

గట్టిగా వాదనలు నడిచేది దీని మీదే. జనవరిలో ఆకు ఇంకా సగం పచ్చిగా, నేలలో కాస్త తేమ ఉన్నప్పుడు పెట్టిన నిప్పు మోకాలెత్తు దాటదు. తడి ఉన్న చోట దానంతటదే ఆరిపోతుంది. ఒక చెక్క కాలుతుంది, పక్క చెక్క మిగులుతుంది. అలా చిరుగుల బొంతలా కాలిన నేలలో ఏప్రిల్ మంటకు వరసగా తిండి దొరకదు.

దీనికి గట్టి సాక్ష్యం ఉత్తర ఆస్ట్రేలియాలోని ఆర్న్‌హెమ్ పీఠభూమి. అక్కడి ఆదివాసులు తరతరాలుగా పొడి కాలం మొదట్లోనే చిన్న చిన్న నిప్పులు పెట్టేవారు. వాళ్లు ఊళ్లకు తరలిపోయాక ఆ పని ఆగి, కాలం చివర్లో భారీ మంటలు మామూలయ్యాయి. 2006లో ఆ పాత పద్ధతినే ఆదివాసీ రేంజర్లతో మళ్లీ మొదలుపెట్టారు. తగ్గిన పొగకు ఒక గ్యాస్ కంపెనీ డబ్బు చెల్లించే ఏర్పాటు కూడా చేశారు.

మనకు దగ్గర ఉదాహరణ కర్ణాటకలోని బిళిగిరి రంగన కొండలు. అక్కడి సోలిగ ఆదివాసులు ఎండలు ముదరకముందే ఆకును కాల్చేవారు. 1974లో అది అభయారణ్యం అయ్యాక ఆ నిప్పు ఆగింది. తర్వాత లాంటానా అడవంతా కమ్ముకుందని, ఉసిరి చెట్ల మీద బదనిక పెరిగి కాయ తగ్గిందని, పాత నిప్పు ఉన్నప్పుడు రెండూ అదుపులో ఉండేవని సోలిగ పెద్దలు చెబుతారు. పరిశోధకులు ఈ మాటను తేలిగ్గా తీసుకోలేదు, నేనూ తీసుకోను. తెల్లదొరల కాలంలో కూడా ఇదే పాఠం ఎదురైంది. 1860లలో మధ్య భారతంలోని బోరి అడవిలో మొదలైన అగ్ని నిషేధం దేశమంతా పాకింది. కొన్ని దశాబ్దాలకు బర్మా టేకు అడవుల్లో, ఉత్తర బెంగాల్ సాల అడవుల్లో నిప్పు ఆపిన చోట్ల కొత్త మొక్క రావడం లేదని అటవీ అధికారులే గమనించి పట్టు సడలించారు.

అయితే ఇక్కడే ఆగి ఆలోచించాలి. సాల అడవి తడి అడవి, నల్లమల పొడి అడవి. సోలిగలు కాల్చిన నాటి కొండలో లాంటానా ఇంత లేదు. ఇప్పుడు లాంటానా దట్టంగా ఉన్న చోట జనవరిలో నిప్పు పెట్టినా ఆ పొద నిచ్చెనగా మారి మంటను కొమ్మల్లోకి ఎక్కిస్తుంది. కాలిన లాంటానా మొదలు వానకు రెట్టింపు పిలకలు వేస్తుంది. అస్సాంలోని మానస్‌లో గడ్డిని అకాలంలో కాల్చడం వల్ల మరుగుజ్జు అడవిపంది గూళ్లు పోతాయని వన్యప్రాణి నిపుణులు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు.

కాబట్టి నా లెక్క ఇది. చెట్లు పలచగా, బోదగడ్డి దట్టంగా ఉన్న మైదానం అయితే ముందస్తు కాల్పు సరైనది, అదీ ఒకే ఏడాది మొత్తం కాకుండా మూడో వంతు చొప్పున మార్చి మార్చి. ఎర్రచందనం, నారేపి, టేకు లేత మొక్క లేస్తున్న చోట వద్దు. వాగు ఒడ్డు పచ్చని చెట్లలో అసలే వద్దు. లాంటానా ఉన్న చోట ముందు దాన్ని పీకి, తర్వాతే నిప్పు మాట ఎత్తాలి. ఎక్కడైనా సరే, కాల్చే నిర్ణయం ఊరిది కాదు, రైతుది కాదు. రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం 1967 నాటి రాష్ట్ర అటవీ చట్టం ప్రకారం నేరం, అభయారణ్యంలో అయితే వన్యప్రాణి చట్టమూ వర్తిస్తుంది. శాఖ ప్రణాళికలో రాయించి, శాఖ మనిషి పక్కన ఉండగా చెంచు పెద్దల సలహాతో చేయాల్సిన పని ఇది. ఏ గాలికి ఏ లోయలో నిప్పు ఎటు తిరుగుతుందో వాళ్లకు తెలిసినంతగా ఏ మ్యాపుకూ తెలియదు.

ఆ రోజు కాల్చవచ్చా లేదా అన్నదానికి చేతి పరీక్ష ఒకటి ఉంది. నేలమీది ఆకు కింది పొర నుంచి గుప్పెడు తీసి నలపండి. మెత్తగా వంగితే నిప్పు మెల్లగా పోతుంది. పెళపెళమని పొడైపోతే ఆ రోజు అగ్గిపెట్టె జేబులోంచి తీయకండి.

మనుషులు: ఖరీదు తక్కువ, ఫలితం ఎక్కువ

మన అడవిలో మంట దాదాపు ఎప్పుడూ మనిషి చేతి నుంచే వస్తుంది. తునికాకు లేతగా రావాలని పొదలకు నిప్పు, ఇప్పపూలు ఏరడానికి చెట్టుకింద ఆకుకు నిప్పు, తేనె తీసేటప్పుడు జారిన కాగడా, గేదెలకు పచ్చిక కోసం నిప్పు, రోడ్డు పక్క వంట చేసుకుని ఆర్పకుండా వదిలిన పొయ్యి. మహాశివరాత్రికి ఆత్మకూరు వైపు వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా శ్రీశైలానికి వేలమంది నడుస్తారు. సరిగ్గా ఆకు రాలే కాలమే అది. ఆ దారి పొడవునా వంటకు, బసకు శుభ్రం చేసిన చోట్లు ముందే చూపించడం ఒక్కటే వంద మంటలు ఆర్పడంతో సమానం అనిపిస్తుంది నాకు. చైత్రమాసంలో సలేశ్వరం జాతరకు కూడా ఇదే వర్తిస్తుంది.

కారణం తెలిసిన చోట మందు కూడా చవకే. తునికి పొదను ఫిబ్రవరి చివర్లోనో మార్చి మొదట్లోనో మొదలంటా నరికితే నిప్పు లేకుండానే లేత ఆకు వస్తుంది. ఆ నరికే కూలిని ముందే చెల్లిస్తే నిప్పు పెట్టాల్సిన అవసరం ఉండదు. ఇప్పచెట్టు కింద ఊడ్చినా సరే, వల పరిచినా సరే పూలకు మట్టి అంటదు, ధర కూడా బాగా పలుకుతుంది.

ఇక ఆర్పడం. మోకాలెత్తు మంటను పచ్చికొమ్మతో నలుగురు ఆర్పగలరు. కొమ్మను ఎత్తి బాదకూడదు, రవ్వలు ఎగిరి వెనక పడతాయి. మంట అంచు మీద అదిమి లోపలివైపు లాగాలి. ఎదురుగా నిలబడకుండా తోక నుంచి, పక్కల నుంచి నొక్కుకుంటూ రావాలి. మంట ఛాతీ దాటితే కొమ్మ పని అయిపోయినట్టే, వెనక్కి తగ్గి లైను దగ్గర నిలబడాలి. కొండవాలులో మంటకు పైన మాత్రం ఎన్నడూ ఉండకండి. వాలు పది డిగ్రీలు పెరిగితే మంట వేగం ఇంచుమించు రెట్టింపవుతుంది. 2018 మార్చిలో తమిళనాడు కురంగణి కొండల్లో ట్రెక్కింగ్‌కు వెళ్లినవాళ్లలో ఇరవై మందికి పైగా చనిపోయింది ఇలాంటి గడ్డి వాలులోనే.

మోకాలెత్తులో ఉండగానే మంటను చేరుకోవాలంటే మనిషి అడవిలోనే ఉండాలి. నల్లమలలో చెంచులతో నడిచే బేస్ క్యాంపుల విలువ అక్కడే ఉంది. అరగంటలో చేరే ఐదుగురు, మూడు గంటల తర్వాత ట్రాక్టరులో దిగే యాభైమంది కంటే నయం. వాళ్ల జీతం నెల నెలా అందాలి. ఏప్రిల్‌లో పని చేయించుకుని ఆగస్టులో కూలి ఇస్తే వచ్చే ఏడు పొగ కనిపించినా కబురు రాదు.

ఉపగ్రహం, హెలికాప్టర్

డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా ఉపగ్రహ సమాచారంతో మంట హెచ్చరికలు పంపుతుంది. పేరు నమోదు చేసుకుంటే మామూలు పౌరుడి ఫోనుకూ వస్తాయి, తప్పకుండా చేసుకోండి. కానీ ఉపగ్రహంలోని వీర్స్ అనే పరికరం ఒక చుక్కగా చూపేది 375 మీటర్ల చదరం. ఆ ఉపగ్రహం మన మీదుగా పోయేది మధ్యాహ్నం ఒకటిన్నర, రాత్రి ఒకటిన్నర ప్రాంతాల్లో. మూడు గంటలకు అంటుకున్న మంట దానికి అర్ధరాత్రి దాటాకే కనబడుతుంది. హెచ్చరిక కాపలాకు తోడు మాత్రమే. హెలికాప్టర్ల సంగతి చెప్పాలంటే, 2014 మార్చిలో తిరుమల చుట్టూ శేషాచలం అంటుకున్నప్పుడు వైమానిక దళం బకెట్లతో నీళ్లు పోసింది. ఆలయం, వేలాది యాత్రికులు ఉన్న చోట అది అవసరమే. మారుమూల బీటుకు దాని మీద ఆశ పెట్టుకోలేం.

వదిలేస్తే?

అమెరికాలోని యెల్లోస్టోన్ పార్కులో 1972 నుంచి పిడుగుతో పుట్టిన మంటలను చాలావరకు కాలనిచ్చారు. 1988లో పార్కులో మూడో వంతుకు పైగా కాలింది, దేశమంతా గగ్గోలెత్తింది. తర్వాత అక్కడి పైన్ అడవి తనంతట తానే తిరిగి మొలిచింది. ఆ పైన్ కాయల్లో చాలావాటికి విచ్చుకోవడానికి మంట వేడే కావాలి, అలాంటి మంట వందల ఏళ్లకోసారి వస్తుంది. మన దగ్గర మంట పిడుగుది కాదు, కొన్నేళ్లకే తిరిగొస్తుంది. అక్కడి తర్కం ఇక్కడ కుదరదు. ఒక్క మినహాయింపు ఉంది: జనవరిలోనో, వాన పడిన మర్నాడో, చుట్టూ లైన్లున్న గడ్డి నేలలో మంట కనబడి, అది మోకాలెత్తు దాటకపోతే, కాపలా ఉండి కాలనివ్వడం గురించి రేంజ్ అధికారి ఆలోచించవచ్చు.

లాంటానా ఉంటే మిగతావన్నీ తర్వాత

మీ బీటులో ఈ పొద ఎక్కువగా ఉంటే పై లెక్కలన్నీ పక్కన పెట్టి ముందు దీని మీద పడండి. 2019 ఫిబ్రవరిలో కర్ణాటకలోని బందీపూర్‌లో వేల హెక్టార్లు కాలినప్పుడు మంట అంత ఎగసిపడటానికి ఎండిన లాంటానా ఒక ముఖ్య కారణం. పైన నరికితే లాభం లేదు. నేలలో రెండు అంగుళాల లోతున, కాండం వేరుగా మారే చోటికి కింద నరికి, పొదను తలకిందులుగా ఆరబెట్టాలి. వానాకాలం ముందే మొదలుపెట్టి, వరసగా రెండు మూడేళ్లు పిల్ల మొక్కలను కూడా పీకాలి. తీసిన చోట వెంటనే స్థానిక గడ్డి విత్తనం చల్లకపోతే మరో కలుపు వస్తుంది.

తోట రైతుకు

అడవి గట్టు వెంట మీ వైపు మూడు నాలుగు మీటర్లు జనవరిలోనే దున్ని ఉంచండి, మార్చిలో మళ్లీ ఒకసాలు. గట్టు మీద కంప కాల్చే పనుంటే డిసెంబరులోనే, పొద్దున్నే, అటవీ సిబ్బందికి చెప్పి ముగించండి. పంట వ్యర్థాలను ఏప్రిల్‌లో కాల్చకండి. పాత కంప కంచె బదులు కలబంద లేదా బ్రహ్మజెముడు వేస్తే మంట అంత తేలిగ్గా దాటదు.

కాలిపోయాక

ఇక్కడ తొందరపాటు ఎక్కువ నష్టం చేస్తుంది. కాలిన నేల చూడగానే గుంతలు తవ్వి నర్సరీ మొక్కలు పెట్టాలనిపిస్తుంది. ఆగండి. వేళ్లు బతికే ఉంటాయి. రెండు వానలు చూసి ఏది లేచిందో లెక్కించాకే, ఏమీ మొలవని చోట మాత్రమే నాటండి. నిలబడి ఉన్న కాలిన మానులను నరికి అమ్మనివ్వకండి. పశువులను కనీసం ఒక వానాకాలం రానివ్వకండి, లేత చిగురుకు మంట కంటే మేత ప్రమాదం. వాలులో మాత్రం వెంటనే పని ఉంది. జూన్ జల్లులకు ముందే అడ్డంగా రాతి కట్టలు, దొర్లిన కొమ్మల వరసలు వేస్తే బూడిద, మట్టి అక్కడే నిలుస్తాయి. ఎక్కడ అంటుకుంది, ఎన్ని గంటలకు, ఎవరు ముందు చూశారు, చేరడానికి ఎంతసేపు పట్టింది అన్న నాలుగు విషయాలు ఆ రోజే బీటు పుస్తకంలో రాసిపెట్టండి. వచ్చే డిసెంబరులో లైను ఎక్కడ తీయాలో, బేస్ క్యాంపు ఎక్కడికి మార్చాలో తేల్చేది ఆ పేజీలే.